బిడ్డ రూపాయి దాచుకుంటే మేనమామ రెండు వేస్తానంటున్నాడు, ఒప్పుకోవచ్చా?

వరంగల్ కొత్తవాడ నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మా ఆయన దర్రీలు నేస్తారు. నేను ఇంట్లో కండెలు చుడతాను. బిడ్డ సర్కారు బడిలో తొమ్మిదో తరగతి, బాగా చదువుతుంది. బాబు ఏడో తరగతి. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసే మా తమ్ముడు మొన్న రాఖీకి వచ్చినప్పుడు ఒక మాటన్నాడు. 'బిడ్డ నెలకు ఎంత దాచుకుంటే దానికి రెండింతలు నేను వేస్తా, ఇంటర్ అయినంక చదువుకు వాడుకోండి' అని. వేరే దేశాల్లో ఇట్లాంటి పథకాలు ఉన్నాయని ఎవరో చెప్పారట వాడికి. నిజమేనా? మన దగ్గర ప్రభుత్వం తరఫున ఏమైనా ఉందా? మా అత్తమ్మకు ఇది అసలు ఇష్టం లేదు. 'ఇవాళ పైసలు వేసినోడు రేపు పిల్లను తన కొడుక్కి అడుగుతాడు' అంటోంది. ఇంకోపక్క తెలిసిన ఏజెంట్ ఒకాయన పిల్లల పాలసీ తీసుకోమని రోజూ ఇంటికొస్తున్నాడు. పక్కింటావిడ తన చిట్టీలో చేరమంటోంది. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

అక్కా, ముందు ఒక్క మాటలో చెప్తాను. ఒప్పుకోండి. కానీ మొదటి రూపాయి పడకముందే షరతులన్నీ కాగితం మీద రాసుకోండి. తమ్ముడే కదా అని నోటిమాట మీద వదిలేస్తే రెండేళ్ల తర్వాత ఎవరికి ఏం గుర్తుంటుందో చెప్పలేం.

మీ తమ్ముడు చెప్పింది కొత్త విషయం అనుకుంటున్నారు గానీ మీ ఇంట్లో ఇది ఇప్పటికే ఉండి ఉంటుంది. మీ ఆయన చేనేత పొదుపు పథకంలో ఉన్నారా? ఉంటే ఆ పాస్‌బుక్ ఒకసారి తీసి బిడ్డకు చూపించండి. 2017లో మొదలైన ఆ పథకంలో నేత కార్మికుడి కూలీలో నుంచి 8 శాతం పొదుపు ఖాతాలో పడితే, ప్రభుత్వం దానికి రెండింతలు, అంటే 16 శాతం కలుపుతుంది. అప్పట్లో మూడేళ్ల దాకా ఆ డబ్బు ముట్టుకోవడానికి లేదు, తర్వాత తెచ్చిన నేతన్న పొదుపులో ఆ గడువు రెండేళ్లకు తగ్గించారు. నేసేవాళ్లకే కాదు, రంగులద్దేవాళ్లు, ఆసు పోసేవాళ్లు, మీలా కండెలు చుట్టేవాళ్లు కూడా అనుబంధ కార్మికుల కింద అందులో చేరొచ్చు. మీ పేరు ఉందో లేదో చేనేత, జౌళి శాఖ ఆఫీసులో కనుక్కోండి, లేకపోతే కొత్తవాళ్లను చేర్చుకునేటప్పుడు మీరూ అప్లై చేయండి. మీ తమ్ముడు ఇప్పుడు మీ బిడ్డకు చేస్తానంటున్నది సరిగ్గా ఇదే లెక్క. ఒకటికి రెండు.

వేరే దేశాల మాట కూడా నిజమే. అమెరికాలో మైఖేల్ షెరాడెన్ అనే ప్రొఫెసర్ 1991లో ఒక వాదన పెట్టారు. పేదవాళ్లకు నెల గడవడానికి సాయం చేస్తే సరిపోదు, వాళ్ల చేతిలో కొంత ఆస్తి పోగయ్యేలా చూడాలి, అందుకు వాళ్లు దాచుకున్న దానికి మనం కొంత జోడించాలి అని. ఆ ఆలోచనతో వచ్చిన ఖాతాల్లో డబ్బు దేనికి వాడుకోవాలో ముందే ఖాయం చేశారు: ఇల్లు, చిన్న వ్యాపారం, లేదా చదువు. 1997లో పద్నాలుగు చోట్ల పెద్ద ఎత్తున పరీక్షించి చూస్తే, చేరినవాళ్లు సగటున నెలకు 19 డాలర్లు వెనకేయగలిగారు. అక్కడి ఖర్చుల లెక్కలో అది చాలా చిన్న మొత్తం. అయినా 'పేదవాళ్లు ఏం దాచుకుంటారు, తింటానికే చాలదు' అనే మాటకు అది గట్టి జవాబు. మన మహిళా సంఘాల్లో కూర్చున్న ఎవరికీ ఈ మాట కొత్త కాదులెండి. మన ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల ఊళ్లలో ఆడవాళ్ల పొదుపు సంఘాలు 1990ల నుంచి నెలనెలా చిన్న చిన్న మొత్తాలతోనే నిలబడ్డాయి.

కెనడాలో తల్లిదండ్రులు పిల్లల చదువు ఖాతాలో ఏడాదికి 2,500 డాలర్ల దాకా వేసిన దాని మీద ప్రభుత్వం 20 శాతం కలుపుతుంది. ఆదాయం తక్కువున్న ఇళ్లకైతే వాళ్లు ఒక్క రూపాయి వేయకపోయినా పిల్ల పేరు మీద విడిగా కొంత పడుతుంది. నాకు ఈ రెండో ముక్క ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే రూపాయికి రూపాయి అన్నచోట ఎక్కువ వేయగలిగినవాళ్లకే ఎక్కువ లాభం దక్కుతుంది. మీకు పనికొచ్చే ఉదాహరణ మాత్రం ఉగాండాది. ఎయిడ్స్ వల్ల అమ్మనో, నాన్ననో, ఇద్దరినీనో పోగొట్టుకున్న పిల్లల కోసం ఫ్రెడ్ సెవమాలా అనే పరిశోధకుడు అక్కడ సూబి అని ఒక కార్యక్రమం నడిపారు. ఖాతా పిల్ల పేరు మీద ఉంటుంది, పెంచే పెద్దవాళ్లు దానికి తోడుగా సంతకం పెడతారు. ఇంట్లోవాళ్లు, చుట్టాలు వేసిన ప్రతి రూపాయికి రెండు కలుస్తాయి. ఆ డబ్బు హైస్కూలు చదువుకో, చిన్న వ్యాపారానికో మాత్రమే బయటికొస్తుంది. డబ్బు లెక్క ఒకటే కాదు, ఆ పిల్లలు పై చదువు గురించి ఆలోచించే తీరు కూడా మారిందని ఆ అధ్యయనాల్లో తేలింది.

మన రాష్ట్రంలో పిల్లల పై చదువుకు ఇట్లా జోడించే సర్కారు పథకం నాకు తెలిసి లేదు. సుకన్య సమృద్ధి గురించి అడుగుతారని తెలుసు. అది పదేళ్లలోపు ఆడపిల్లకే తెరుస్తారు, మీ బిడ్డకు వయసు దాటిపోయింది. అందులో కూడా వడ్డీ బాగుంటుందే తప్ప ప్రభుత్వం మీరు వేసిన దానికి జోడించేది ఏమీ లేదు. పీపీఎఫ్ అనే పొదుపు ఖాతా గడువు పదిహేనేళ్లు. పిల్లల పేరు మీద ఈమధ్య వచ్చిన పెన్షన్ ఖాతా వాత్సల్య ఉంది గానీ అది ముసలితనం కోసం పెట్టింది, చదువుకు అందులోంచి కొంత భాగమే తీయనిస్తారు. నాలుగేళ్లలో కావలసిన డబ్బుకు అది చోటు కాదు.

ఏజెంట్ సంగతి కూడా ఇదే లెక్కతో తేల్చేయండి. ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి: 'నాలుగేళ్లకు తీసేస్తే చేతికి ఎంతొస్తుంది, రాసివ్వండి' అని. పదిహేను, ఇరవై ఏళ్ల పాలసీని నాలుగో ఏట ఆపేస్తే కట్టింది కూడా పూర్తిగా రాదు. ఒకవేళ మొహమాటానికి ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, పాలసీ కాగితాలు చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దని రాసిచ్చి వెనక్కి ఇచ్చేయొచ్చు, కొద్దిపాటి కోతతో కట్టిన డబ్బు తిరిగొస్తుంది. మీ ఆయనకు విడిగా ఒక టర్మ్ పాలసీయో, ప్రమాద బీమానో ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. దాన్ని పొదుపుతో కలపొద్దంటున్నాను, అంతే.

పక్కింటావిడ చిట్టీ మీద ఎక్కువ మాట్లాడను. రిజిస్టరు కాని చిట్టీలో పిల్ల చదువు డబ్బు పెట్టొద్దు. ఆవిడ మంచావిడే కావచ్చు. పాట పాడుకున్నవాళ్లలో ఇద్దరు కట్టడం ఆపేస్తే ఆవిడ మాత్రం ఎక్కడ నుంచి తెచ్చిస్తుంది?

ఇప్పుడు అసలు పని. ఇది కొంచెం నిదానంగా చదవండి.

బిడ్డకు పదేళ్లు దాటాయి కాబట్టి తన పేరు మీద తానే ఖాతా తెరిచి నడుపుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ ఈ విషయం మళ్లీ స్పష్టంగా చెప్పింది. పదేళ్లు నిండిన పిల్లలు సేవింగ్స్ ఖాతా, డిపాజిట్ రెండూ సొంతంగా పెట్టుకోవచ్చు, ఎంత మొత్తం దాకా అన్నది మాత్రం బ్యాంకు ఇష్టం. కౌంటర్‌లో ఎవరైనా 'మైనర్‌కు ఒంటరిగా కుదరదమ్మా' అంటే గొడవ పడకుండా మేనేజర్‌ను అడగండి. అప్పటికీ కాకపోతే మీరు గార్డియన్‌గా తెరవండి, మీ పని ఆగదు. ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా బడి నుంచి బోనఫైడ్, ఫొటోలు, మీ పాన్ కార్డు పట్టుకెళ్లండి. పాన్ లేకపోతే దానికి బదులు నింపే ఫారం బ్యాంకులోనే ఇస్తారు. రెండో, నాలుగో శనివారం పోకండి, బ్యాంకు మూసి ఉంటుంది. స్కాలర్‌షిప్ కోసం తీసిన జీరో బ్యాలెన్స్ ఖాతా ఇప్పటికే ఉంటే కొత్తది అక్కర్లేదు. మర్చిపోవద్దు, పద్దెనిమిది నిండిన రోజు నుంచి ఆ ఖాతాకు కొత్త సంతకం, కొత్త కాగితాలు కావాలి. అది సరిగ్గా అడ్మిషన్ల సమయంలోనే వస్తే ఖాతా నిలిచిపోయి చేతిలో డబ్బుండీ కట్టలేని పరిస్థితి వస్తుంది. అందుకే పుట్టినరోజు వారంలోనే వెళ్లి పని పూర్తి చేసుకోండి.

డబ్బు మాత్రం రెండు చోట్ల పెట్టండి. బిడ్డ వేసుకునేది బిడ్డ ఖాతాలో, మీ తమ్ముడు వేసేది మీ పేరు మీద విడిగా ఒక ఆర్‌డీలో, అంటే నెలనెలా కట్టే డిపాజిట్‌లో. ఎందుకంటారా? అమెరికాలో ఆ పథకాలు నడిపినవాళ్లు కూడా ఇట్లాగే చేశారు. జోడించిన డబ్బు వేరేగా ఉంచి, చివర్లో నేరుగా కాలేజీకో, ఇల్లు అమ్మేవాళ్లకో కట్టేవారు. మధ్యలో ఎవరైనా తమ డబ్బు తీసేసుకుంటే అది వాళ్లదే, ఎవరూ కాదనరు, కానీ తీసిన దానికి జోడింపు రాదు. రేపు ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చో, మగ్గానికి నూలు తేవాలనో బిడ్డ దాచుకున్న దాంట్లో చెయ్యి పెట్టాల్సి రావచ్చు. రాకూడదనే కోరుకుంటాం గానీ రావచ్చు. అప్పుడు తమ్ముడి డబ్బు దాకా పోకుండా ఈ అడ్డుగోడ ఉంటుంది.

ఆర్‌డీ గడువు దగ్గర చాలామంది తప్పు చేస్తారు. పోస్టాఫీసు ఆర్‌డీ నెలకు వంద రూపాయల నుంచి మొదలవుతుంది, భద్రమైంది, కానీ ఐదేళ్లు. మూడేళ్ల తర్వాత మూసేయనిస్తారు గానీ అప్పుడు ఆర్‌డీ వడ్డీ కాకుండా మామూలు సేవింగ్స్ వడ్డీ లెక్కగడతారు. మీకు నాలుగేళ్లు కూడా లేవు. అందుకని బ్యాంకు ఆర్‌డీ తీసుకోండి, అందులో నెలలు మనం ఎంచుకోవచ్చు. ఒకేసారి నాలుగేళ్లకు వేయకండి. బిడ్డ పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌కు పోతానంటే? పాలిసెట్‌లో మంచి ర్యాంకొచ్చిందనుకోండి, లేదా పది మార్కులతో బాసర ట్రిపుల్ ఐటీలో సీటొచ్చిందనుకోండి, డబ్బు అప్పుడే కావాలి, ఇంటర్ అయ్యాక కాదు. కాబట్టి మొదటి ఆర్‌డీ ఈ ఆగస్టు నుంచి పదో తరగతి అయిపోయిన జూన్ దాకా, 22 నెలలకు వేయండి. అప్పటికి అవసరం లేదంటే ఆ మొత్తాన్ని రెండేళ్లకు ఫిక్స్‌డ్ వేసేసి, ఇంటర్ రెండేళ్లకు 24 నెలల ఆర్‌డీ మళ్లీ మొదలుపెట్టండి.

లెక్క చెప్తాను. బిడ్డ నెలకు 200, మేనమామ 400, మొత్తం 600. వడ్డీ ఆరున్నర శాతం అనుకుందాం. పదో తరగతి అయ్యేసరికి 14 వేలు. ఇంటర్ కూడా అయ్యేసరికి రెండూ కలిపి 31 వేల పైచిలుకు. ఇందులో బిడ్డ చేతి డబ్బు 9,200, మేనమామది 18,400, మిగతాది వడ్డీ.

31 వేలతో ఇంజినీరింగ్ అవుతుందా అని మీ ఆయన అడుగుతారు. కాదు. ఇది ఫీజు కట్టే డబ్బు కాదు, ఫీజుకు ముందు అడిగే డబ్బు. దీని విలువ నాకు మా ఇంట్లోనే తెలిసొచ్చింది. మా చెల్లెలికి కౌన్సెలింగ్‌లో సీటొచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిలే అని ధీమాగా కాలేజీకి పోయాం. కౌంటర్ దగ్గర అరచేతి అంత చీటీ ఒకటి ఇచ్చారు. హాస్టల్ అడ్వాన్సు, మెస్ డిపాజిట్, యూనిఫాం, బస్సు, అన్నీ కలిపి 14,500, మూడు రోజుల్లో కట్టాలి. మా నాన్న ఆ చీటీని షర్టు జేబులో పెట్టుకుని బయట చెట్టుకింద చాలాసేపు కూర్చున్నాడు. సాయంత్రం నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. నెలకు 435 మిత్తి. అసలు తీర్చడానికి పందొమ్మిది నెలలు పట్టింది, మిత్తి ఒక్కటే ఎనిమిది వేలు దాటింది. ఆ పందొమ్మిది నెలలూ మా చెల్లెలు ఇంటికి ఫోన్ చేస్తే పుస్తకాలు కావాలన్న మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఆ రోజు మా దగ్గర పదిహేను వేలు సొంతవి ఉండుంటే, అంతే, అంతకంటే ఏం అక్కర్లేకపోయేది.

మీ బిడ్డకూ ఇవే ఎదురవుతాయి. ప్రవేశ పరీక్ష ఫీజు, కౌన్సెలింగ్ ఫీజు, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్ల తిరుగుడు, హాస్టల్ అడ్వాన్సు, తర్వాత ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి కాలేజీలకు ఆలస్యంగా వస్తుంటే, 'ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం' అని పిల్లల మీదకు తోసే కాలేజీలున్నాయని మీకు తెలియంది కాదు. అప్పుడు కూడా ఈ డబ్బే చేతికందేది. పెద్ద ఫీజు వస్తే దానికి ఎడ్యుకేషన్ లోన్ ఉంది. నాలుగు లక్షల దాకా మన వాటా ఏమీ అడగరు. ఆ పైన అయితే ఇక్కడి చదువుకు ఐదు శాతం మనం పెట్టుకోవాలి. ఈ పొదుపు దానికీ పనికొస్తుంది. మెప్మా సంఘంలో, అంటే పట్టణ మహిళల పొదుపు సంఘంలో మీరుంటే, చివరి నిమిషంలో తక్కువ పడిన నాలుగైదు వేలకు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా ముందు సంఘంలో అడగండి.

ఇప్పుడు బిడ్డ వేసే 200 సంగతి. ఈ మొత్తం ఎక్కడ నుంచి వస్తుందో మీరు రాయలేదు. రెండు చోట్ల నుంచి మాత్రం రాకూడదు. మధ్యాహ్నం కొనుక్కునే అరటిపండు మానేసి దాచుకోకూడదు. చదువుకునే వేళ కండెలు చుట్టి సంపాదించకూడదు. సెలవుల్లో అమ్మకు సాయం చేయడం వేరు, పొదుపు కోసం పిల్లను రాట్నం ముందు కూర్చోబెట్టడం వేరు. పండగకు తాతమ్మ ఇచ్చే యాభై, బతుకమ్మకు చుట్టాలు చేతిలో పెట్టే వందా, రాఖీ పైసలు, పాత పుస్తకాలు అమ్మితే వచ్చినవి, ఇవి చాలు. ఇవి నెలనెలా సమానంగా రావు. దసరా నెలలో ఐదు వందలు ఉంటాయి, జూన్‌లో పది రూపాయలు కూడా ఉండవు. అందుకని బిడ్డ వాటాకు ఆర్‌డీ వద్దు, తన సేవింగ్స్ ఖాతాలో ఎప్పుడు ఎంతుంటే అంత వేసుకోనివ్వండి, నేను పైన చెప్పిన లెక్క కంటే వడ్డీ కొంచెం తగ్గినా సరే. మేనమామ లెక్క మూడు నెలలకోసారి చూసుకోవాలి. ఏడాదికి 2,400 దాకా బిడ్డ ఎంత వేస్తే దానికి రెండింతలు, అంతకు మించితే జోడింపు లేదు అని హద్దు పెట్టండి. హద్దు లేకపోతే ఉత్సాహంలో మీరే మీ కూలీ డబ్బులు తెచ్చి బిడ్డ పేరు మీద వేసేస్తారు, అక్కడ సూరత్‌లో తమ్ముడికి ఊపిరాడదు. ఒక నెల ఏమీ వేయలేకపోతే తప్పు కాదని కూడా రాయండి. మీ తమ్ముడు నెలనెలా 400 ఆర్‌డీలో వేస్తూ పోతే, తేడా ఏమున్నా ఏడాది చివర సరిచూసుకోవచ్చు.

చిన్నప్పుడు మా ఇంట్లో గల్లగురిగి ఉండేది. మట్టిది, పైన చిన్న చీలిక. అందులో ఎంతుందో పగలగొట్టేదాకా తెలిసేది కాదు, ఊపి చప్పుడు వినడమే. మీ బిడ్డకు అట్లా వద్దు. ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనివ్వండి. ఎడమవైపు 'నేను', కుడివైపు 'మామ'. తేదీ, ఎంత, ఎక్కడ నుంచి వచ్చింది, తన చేతిరాతతో రాసుకోవాలి. మూడు నెలలకోసారి ఆ పేజీ ఫొటో తీసి మామకు వాట్సాప్‌లో పంపాలి. తొమ్మిదో తరగతి పిల్ల, లెక్క బాగా చేస్తుంది. వడ్డీ ఎంత పడిందో పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించి తానే సరిచూసుకుంటే, బడిలో చెప్పిన చక్రవడ్డీ ఆ రోజు నిజంగా అర్థమవుతుంది.

ఒక షరతు మాత్రం అసలు పెట్టొద్దు. మార్కులు. 'ఫస్ట్ వస్తే రెండింతలు వేస్తా, లేకపోతే లేదు' అని మీ తమ్ముడే అనొచ్చు, మీ ఆయనే అనొచ్చు, ప్రేమతోనే అంటారు. అన్న మరుక్షణం ఇది పొదుపు కాకుండా పోతుంది, పందెం అవుతుంది. పదో తరగతి పరీక్షల టెన్షన్ ఇప్పటికే పిల్లల్ని ఎంత నలిపేస్తోందో మనం చూస్తున్నాం. ఒక సబ్జెక్టులో తక్కువొస్తే మామ డబ్బులు కూడా పోయాయనే బాధ దానికి తోడు కావొద్దు. దాచుకున్నందుకు జోడిస్తున్నాం, మార్కులకు కాదు. ఈ వాక్యం కాగితంలో మొదటి లైనుగా రాయండి.

ఇక అత్తమ్మ మాట. మీరు ఆ మాటను కోపంగా రాశారని అనిపించింది, కానీ నాకు ఆవిడ మీద కోపం రాలేదు. మన ఇళ్లలో మేనమామ పెట్టిన చీర, పోసిన బియ్యం, వేసిన వెండి పట్టీలు అన్నీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటారు, పెళ్లి మాటలప్పుడు బయటకు తీస్తారు. ఆవిడ కళ్లారా చూసి ఉంటుంది. ఆవిడ భయపడేది మనవరాలి కోసమే. అందుకని ఆవిడ్ని పక్కనపెట్టి ఈ పని చేయకండి. తమ్ముడు ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టి, అత్తమ్మ వింటుండగానే సూటిగా అడగండి: 'నువ్వు వేసే డబ్బుకూ, రేపు పిల్ల పెళ్లికీ ఏ సంబంధం లేదు కదా?' అని. నిజంగా మనసులో ఏమీ లేనివాడు నవ్వేసి 'లేదక్కా' అంటాడు. తటపటాయిస్తే మాత్రం, అక్కా, ఆ డబ్బు తీసుకోవద్దు. మీరిద్దరే నెలకు రెండొందలు జోడించండి, మొత్తం తక్కువైతే కానివ్వండి. తన చదువు కోసం తీసుకున్న డబ్బు తన పెళ్లికి తాకట్టు అని పదిహేనేళ్ల పిల్లకు తెలిస్తే, అది ఏ మిత్తి కంటే బరువు.

తమ్ముడు సరేనంటే కాగితంలో ఇవి ఉండాలి: డబ్బు బిడ్డ చదువుకే, ఏ చదువన్నది బిడ్డే ఎంచుకుంటుంది, ఐటీఐ అయినా, నర్సింగ్ అయినా, డిగ్రీ అయినా. మామకు పని పోయినా, ఇబ్బందొచ్చినా ఆ రోజు నుంచి ఆపేయొచ్చు, తప్పు పట్టం, కానీ అప్పటికి వేసింది వెనక్కి అడగడు. బిడ్డ చదువు ఆపేస్తే ఏంటి అన్నది కూడా రాసుకోండి. నన్నడిగితే ఆ డబ్బు ఏడాది పాటు అట్లాగే ఉంచాలి. ఇంట్లో పరిస్థితి బాగాలేక, ఆరోగ్యం బాగాలేక ఒక ఏడు ఆగి మళ్లీ చేరిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. ఏడాది తర్వాత కూడా చేరకపోతే అప్పుడు మామ వాటా మామకు. కింద ముగ్గురి సంతకాలు: మామ, మీరు, బిడ్డ. బిడ్డ సంతకం తప్పనిసరి. నన్నడిగితే అత్తమ్మ వేలిముద్రో, సంతకమో సాక్షిగా తీసుకోండి, ఆవిడే రేపు అందరికంటే గట్టిగా ఈ కాగితాన్ని కాపాడుతుంది.

బాబు గురించి మీరేం అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఏడో తరగతి అన్నారు కదా. వచ్చే ఏడాది ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. సర్కారు బడి, స్థానిక సంస్థల బడి, ఎయిడెడ్ బడి పిల్లలకే అది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 చాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 నేరుగా వాడి ఖాతాలోనే పడతాయి. నాలుగేళ్లకు 48 వేలు. ప్రతి ఏడాది పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి, ఒక్క ఏడు మర్చిపోతే ఆ ఏటిది పోతుంది. బిడ్డ ఎనిమిదిలో రాసిందో లేదో మీరు చెప్పలేదు, రాసి ఎంపికై ఉంటే ఆ డబ్బులో నుంచే తన 200 వెళ్లిపోతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. బాబుకు హెడ్‌మాస్టర్ గారి దగ్గర ఇప్పుడే పేరు చెప్పి ఉంచండి, దరఖాస్తులు వచ్చినప్పుడు మనల్ని పిలిచి చెప్తారులే అనుకోవద్దు. ఆధార్‌లో, బడి రిజిస్టర్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకే స్పెల్లింగ్‌తో ఉందో లేదో ఈ వారమే చూడండి, ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు పడకుండా ఆగిపోతుంది. బిడ్డదీ అట్లాగే చూడండి. తేడా ఉంటే మీ సేవకో, ఆధార్ కేంద్రానికో పోయి సరిచేయించాకే బ్యాంకుకు వెళ్లండి, లేకపోతే అదే పనికి రెండుసార్లు కూలీ పోగొట్టుకుంటారు.